క్రిప్టో పంపేటప్పుడు ఫీజు ఎంత పెట్టాలి: తొందరను బట్టి, దారిని బట్టి ఒక పోలిక

హన్మకొండలో నేను నడిపే చిన్న అకౌంట్ల ఆఫీసుకు ఆదాయపు పన్ను రిటర్నుల కోసం వచ్చేవారిలో కొన్నేళ్లుగా క్రిప్టో లావాదేవీలు ఉన్నవారు కూడా కనిపిస్తున్నారు. వారు పన్ను గురించి అడిగే ప్రశ్నలకన్నా, పంపినప్పుడు కోసుకున్న ఫీజు గురించి అడిగేవే ఎక్కువ. ఆ మధ్య కాజీపేట నుంచి వచ్చిన ఒక యువకుడు ఫోను నా బల్లమీద పెట్టి, "అన్నా, రెండు దినాలాయె, ఇంకా పెండింగ్ అనే సూపెడ్తున్నది, పైసలు పోయినట్టేనా?" అని అడిగాడు. అతడు బిట్‌కాయిన్ పంపుతూ వాలెట్‌లో, అంటే క్రిప్టోను ఉంచుకుని పంపే యాప్‌లో, నిదానం, మధ్యస్థం, వేగం అనే మూడు గుర్తుల్లో అన్నింటికన్నా చవకైనదాన్ని నొక్కాడు. లావాదేవీ పట్టే చోటును వర్చువల్ బైట్లలో కొలుస్తారు, బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతును సతోషీ అంటారు. వర్చువల్ బైటుకు 2 సతోషీలు పెట్టిన అతని లావాదేవీ, 15కు పైగా పెట్టినవారందరి వెనుక వరుసలో నిలబడి ఉంది. పైసలు పోలేదు, కదలలేదంతే. ఆ తర్వాత వారంలోనే మరొకరు, పదివేల రూపాయల విలువైన మొత్తాన్ని తన సొంత వాలెట్‌లోకే మార్చుకోవడానికి "ఫాస్ట్" నొక్కి, ఏ తొందరా లేని పనికి ఏడు వందల రూపాయల దాకా వదిలించుకుని వచ్చారు.

ఈ ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే. అవతలివారికి ఆ సొమ్ము ఎప్పటికి చేరాలన్నది ఆలోచించకుండానే ఫీజును ఎంచుకున్నారు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదట ఆ ఫీజు ఎవరికి వెళుతున్నదో తెలుసుకోవాలి. మన సొంత వాలెట్ నుంచి పంపినప్పుడు కట్టేది నెట్‌వర్క్ ఫీజు. లావాదేవీలను బ్లాకులనే కట్టలుగా చేర్చేవారిని బిట్‌కాయిన్‌లో మైనర్లు, ఇథీరియంలో వాలిడేటర్లు అంటారు. బిట్‌కాయిన్‌లో ఆ ఫీజు మైనర్లకు చేరుతుంది, ఇథీరియంలో కొంత కాలిపోయి (అంటే శాశ్వతంగా రద్దయి) మిగిలినది వాలిడేటర్లకు చేరుతుంది. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్ నుంచి బయటకు తీసినప్పుడు కట్టేది విత్‌డ్రా ఫీజు, దానిని ఆ ఎక్స్ఛేంజ్ తన ఇష్టప్రకారం నిర్ణయిస్తుంది. నెట్‌వర్క్ ఖాళీగా ఉన్నా ఆ అంకె తగ్గకపోవచ్చు, మన చేతిలో తగ్గించే మీట ఏదీ ఉండదు. "ఫీజు ఎక్కువ తీసుకున్నారు" అని నా దగ్గర చెప్పుకున్నవారిలో చాలామంది నిజానికి ఈ రెండోదాని గురించే చెప్పారు.

రెండవది, ఫీజు దేన్ని బట్టి పడుతుందన్నది. ఇక్కడ మన బ్యాంకు అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. డిమాండ్ డ్రాఫ్టుకైనా మనియార్డరుకైనా పంపే మొత్తాన్ని బట్టి ఛార్జీ ఉంటుంది కనుక, క్రిప్టోలో కూడా వెయ్యి రూపాయలకు తక్కువ, లక్షకు ఎక్కువ అని అనుకుంటాము. మేడారం జాతరకు పోయే ప్రైవేటు జీపును తలచుకుంటే అసలు లెక్క తేలికగా అర్థమవుతుంది. జీపులో చోటు కొంతే, ఎక్కవలసినవారు వందల్లో ఉంటారు. తల్లులకు సమర్పించే బెల్లాన్ని మనం బంగారం అనే అంటాము. మీ సంచిలో ఉన్నది ఆ బంగారమా, మెడలో వేసుకునే బంగారమా అన్నది జీపు నడిపేవాడికి అనవసరం, సంచి ఎంత చోటు పడుతుందన్నదే అతనికి కావాలి. బిట్‌కాయిన్ బ్లాకు కూడా అంతే. లావాదేవీ ఎన్ని బైట్ల చోటు పడుతుంది, ఒక్కో బైటుకు మీరు ఎంత ఇస్తున్నారు అన్నవే లెక్కకు వస్తాయి. అందులో ఉన్నది ఐదు వందల రూపాయలైనా ఐదు కోట్లైనా మైనరుకు తేడా లేదు.

మూడవది తొందర. నాలుగవది, పంపిన తర్వాత ఫీజును పెంచుకునే వీలుందా అన్నది. ఈ వీలు ఉన్నవారు ధైర్యంగా తక్కువతో మొదలుపెట్టవచ్చు, లేనివారు మొదటే కొంచెం ఎక్కువ పెట్టక తప్పదు. ఐదవది, అన్నింటికన్నా ముందు అడగవలసినది, అవతలివారి ఎక్స్ఛేంజ్ లేదా వాలెట్ ఏ నెట్‌వర్క్‌ను స్వీకరిస్తుందన్నది. చవకగా ఉందని మనం ఎంచుకున్న దారి అటువైపు లేకపోతే, ఫీజులో మిగిల్చిన వంద రూపాయల కోసం మొత్తం సొమ్మే చిక్కుకుంటుంది.

బిట్‌కాయిన్: నిదానం, మధ్యస్థం, వేగం

బిట్‌కాయిన్ బ్లాకు సగటున పది నిమిషాలకు ఒకటి వస్తుంది. అది సగటు మాత్రమే కనుక, దాదాపు ఇరవైసార్లలో ఒకసారి తరువాతి బ్లాకు కోసం అరగంటకు పైగా వేచి ఉండవలసి వస్తుంది. మీరు ఎంత ఫీజు పెట్టినా బ్లాకు ముందుగా రాదు. వచ్చిన బ్లాకులో మీకు చోటు దొరుకుతుంది, అంతే. ఒక్కో బ్లాకులో సుమారు పది లక్షల వర్చువల్ బైట్ల చోటు ఉంటుంది. ఇంకా చోటు దొరకని లావాదేవీలు వేచి ఉండే గదిని మెమ్‌పూల్ అంటారు. మైనర్లు అందులోంచి బైటుకు ఎక్కువ ఇచ్చినవారిని ముందు ఎక్కించుకుంటారు.

ఇప్పటి సెగ్‌విట్ చిరునామాలతో, అంటే "బీసీ1" అని మొదలయ్యే వాటితో, ఒకే జమ నుంచి ఒకరికి పంపి మిగిలిన చిల్లరను మనమే వెనక్కి తీసుకునే సాధారణ లావాదేవీ సుమారు 141 వర్చువల్ బైట్లు ఉంటుంది. అదే పని 1 అంకెతో మొదలయ్యే పాత చిరునామాలతో చేస్తే సుమారు 226 అవుతుంది. 2017 ఆగస్టులో సెగ్‌విట్ అమలులోకి వచ్చింది. ఇంకా పాత చిరునామానే వాడుతున్నవారు ఏ పనికైనా దాదాపు ఒకటిన్నర రెట్లు కడుతున్నారన్నమాట. ఫీజు తగ్గించుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు కనుక, వాలెట్ కొత్త రకపు చిరునామా ఇస్తుందో లేదో ముందుగా చూసుకోవాలి.

రెండో రహస్యం మన వాలెట్‌లోని జమల సంఖ్యలో ఉంది. తెరమీద మొత్తం ఒకే అంకెగా కనిపించినా, లోపల అది మనకు వచ్చిన ఒక్కొక్క జమగా విడివిడిగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గర దుకాణంలో రెండు వేల రూపాయల సరుకుకు నాలుగు ఐదు వందల నోట్లు ఇస్తే ఒక్క చూపులో లెక్క అయిపోతుంది. పది రూపాయల నోట్లు రెండు వందలు ఇస్తే లెక్కపెట్టేవాడికి పని, వెనుకవారికి ఆలస్యం. పన్నెండు చిన్న చిన్న జమలను కలిపి పంపే లావాదేవీ సుమారు 889 వర్చువల్ బైట్లు అవుతుంది. అంటే అదే మొత్తానికి ఆరు రెట్లకు పైగా చోటు.

ఒక బిట్‌కాయిన్ ధర 80 లక్షల రూపాయలని లెక్క కోసం అనుకుంటే, అందులో పది కోట్ల సతోషీలు ఉంటాయి కనుక వెయ్యి సతోషీలు 80 రూపాయలు అవుతాయి. ఆ లెక్కన:

| బైటుకు ఇచ్చే ధర | ఒకే జమ ఉన్నప్పుడు (141) | పన్నెండు జమలు ఉన్నప్పుడు (889) |
|---|---|---|
| 2 సతోషీలు | 282 సతోషీలు, సుమారు 23 రూపాయలు | 1,778 సతోషీలు, సుమారు 142 రూపాయలు |
| 10 సతోషీలు | 1,410 సతోషీలు, సుమారు 113 రూపాయలు | 8,890 సతోషీలు, సుమారు 711 రూపాయలు |
| 20 సతోషీలు | 2,820 సతోషీలు, సుమారు 226 రూపాయలు | 17,780 సతోషీలు, సుమారు 1,422 రూపాయలు |
| 60 సతోషీలు | 8,460 సతోషీలు, సుమారు 677 రూపాయలు | 53,340 సతోషీలు, సుమారు 4,267 రూపాయలు |

పట్టికలోని ఏ వరుస న్యాయమైనదన్నది ఆనాటి రద్దీ చెబుతుంది. మెమ్‌పూల్ డాట్ స్పేస్ వంటి పేజీ తెరిస్తే తరువాతి బ్లాకులో చోటుకు ప్రస్తుతం ఎంత పలుకుతున్నదో, గంటలోపు అయితే ఎంతో, ఎప్పుడైనా సరే అంటే ఎంతో కనిపిస్తుంది. వాలెట్ చూపే అంకెను దీనితో పోల్చి చూడడం నా అలవాటు, ఎందుకంటే చాలా వాలెట్లు గడిచిన కొన్ని బ్లాకుల్లో చెల్లించిన ధరలను బట్టి అంచనా వేస్తాయి. ఒక గంట ముందు రద్దీ ఉండి ఇప్పుడు తగ్గిపోయినా, వాలెట్ ఇంకా ఆ పాత ధరనే చెబుతూ ఉంటుంది. రద్దీ లేనినాడు "నిదానం", "మధ్యస్థం", "వేగం" మూడింటికీ నిజంలో తేడా ఉండదు. బ్లాకులు పూర్తిగా నిండనప్పుడు 2 పెట్టినవాడు, 20 పెట్టినవాడు ఒకే బ్లాకులో ఎక్కుతారు. ఆనాడు "వేగం" నొక్కినవారు కొన్నది కేవలం మనశ్శాంతి.

రద్దీ ఉన్ననాడు సంగతి వేరు. 2017 డిసెంబరులో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20 ఉదయం మనవాళ్లు లేచే వేళకు నాలుగో హాల్వింగ్ (బహుమతిని సగం చేసే మార్పు) జరిగి, ఒక్కో బ్లాకుకు మైనరుకు ఇచ్చే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. అదే బ్లాకు నుంచి రూన్స్ అనే కొత్త టోకెన్ల పద్ధతి మొదలు కావడంతో, ఆ ఒక్క బ్లాకులోనే ఫీజుల రూపంలో 37 బిట్‌కాయిన్లకు పైగా చెల్లించారు. అటువంటి రోజున తొందర లేని పనిని వాయిదా వేయడాన్ని మించిన ఎంపిక లేదు. జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో వేరే పనిమీద పోవలసినవారు నాలుగు రోజులు ఆగినట్టే అనుకోవాలి.

మనకు అనుకూలమైన వేళ కూడా ఒకటి ఉంది. అమెరికా పని గంటలు మన సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేవరకు నడుస్తాయి కనుక, సాధారణంగా మన ఉదయపు వేళల్లో, ముఖ్యంగా ఆదివారం ఉదయం, రద్దీ తక్కువగా ఉంటుంది. చిన్న జమలన్నింటినీ ఒకే జమగా కలుపుకోవడానికి అదే మంచి సమయం. ఆనాడు 2 సతోషీల ధరకు దాదాపు 140 రూపాయలు పెట్టి చిల్లరను నోటుగా మార్చుకున్నవారు, రేపు 60 పలికే రోజున 4,267కు బదులు 677తో బయటపడతారు. అయితే ఇందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. విడివిడిగా వచ్చిన జమలను కలిపినప్పుడు అవన్నీ ఒకరివేనని చూసేవారెవరికైనా తెలిసిపోతుంది. గోప్యత ముఖ్యమనుకునేవారు ఆ కొంచెం అదనపు ఫీజును భరించడమే మేలు.

తక్కువతో మొదలుపెట్టి పెంచడం

నా దృష్టిలో నాలుగో దారి ఒకటుంది, వాలెట్ దానిని మూడు గుర్తుల పక్కన పెద్దగా చూపదు. మధ్యస్థం కన్నా కొంచెం తక్కువ ధరతో పంపి, అవసరమైతే తర్వాత పెంచడం. దీనిని ఆర్‌బీఎఫ్ (రీప్లేస్ బై ఫీ) అంటారు. వాలెట్లలో "బంప్ ఫీ" లేదా "స్పీడ్ అప్" అనే మీటగా కనిపిస్తుంది. అదే జమను వాడుతూ ఎక్కువ ఫీజుతో కొత్త లావాదేవీని పంపితే అది పాతదాని స్థానంలోకి వస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 28 అనే సాఫ్ట్‌వేర్ నుంచి, పాత లావాదేవీలో ముందుగా "మార్చవచ్చు" అన్న గుర్తు పెట్టకపోయినా నోడ్లు (లావాదేవీలను సరిచూసి ఒకదానికొకటి అందించే కంప్యూటర్లు) ఇటువంటి మార్పిడిని అంగీకరించడం మామూలైంది. అయినా మన వాలెట్‌లో ఆ మీట ఉన్నదో లేదో పంపే ముందే చూసుకోవాలి. నేను మొదట్లో వాడిన వాలెట్‌లో అది లేదు. 3 సతోషీలు పెట్టి పంపిన ఒక చెల్లింపు కోసం ఐదు రోజులు ఎదురుచూసి, సరుకు ఇవ్వవలసిన మనిషికి రోజూ ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను.

మీట లేకపోయినా, అందుకునేవారి చేతిలో ఒక ఉపాయం ఉంటుంది. ఇంకా ఖరారు కాని, అంటే బ్లాకులో ఎక్కని, ఆ జమను వారే ఎక్కువ ఫీజుతో మరో చిరునామాకు పంపుకుంటే, ఈ కొత్తదైన పిల్ల లావాదేవీ ఫీజు కోసం మైనర్లు పాతదైన తల్లిని కూడా ఎక్కించుకుంటారు. లెక్క ఇలా ఉంటుంది. 141 బైట్ల తల్లికి 282 సతోషీలు కట్టి ఉన్నాము, సుమారు 110 బైట్ల పిల్లతో కలిపి సగటున 20 రావాలంటే మొత్తం 5,020 కావాలి, కనుక పిల్ల ఒక్కటే 4,738 కట్టాలి. మొదటే 20 పెట్టి ఉంటే 2,820తో పోయేది. ఇది చివరి ఉపాయమే. కాజీపేట యువకుడి వాలెట్‌లో మీట ఉంది కనుక ఇంతదాకా రాలేదు. 16కు పెంచిన తర్వాత, అతడు టీ తాగి వచ్చేలోపు మొదటి ఖరారు వచ్చింది.

ఏమీ చేయకపోతే ఏమవుతుందంటే, నోడ్లు సాధారణంగా రెండు వారాల తర్వాత అటువంటి లావాదేవీని మరిచిపోతాయి, సొమ్ము మన వాలెట్‌లో మళ్లీ ఖర్చుకు అందుబాటులోకి వస్తుంది. ఈ సమయంలోనే "మీ లావాదేవీని మేము విడిపిస్తాము" అంటూ టెలిగ్రామ్‌లో పలకరించేవారు ఉంటారు. వాలెట్‌ను తెరిచే పన్నెండు లేదా ఇరవై నాలుగు పదాలను అడిగినవారు ఎవరైనా దొంగలే.

అంకెను మనమే టైపు చేసే "కస్టమ్" గడి విషయంలోనూ ఒక హెచ్చరిక. 2023 సెప్టెంబరులో పాక్సోస్ అనే పెద్ద సంస్థ, సుమారు 0.07 బిట్‌కాయిన్ పంపే ఒక లావాదేవీకి పొరపాటున 19.8 బిట్‌కాయిన్లను ఫీజుగా కట్టింది. ఆ బ్లాకును తయారు చేసిన ఎఫ్‌టుపూల్ అనే మైనర్ల సంస్థ దానిని తిరిగి ఇచ్చింది గనుక సరిపోయింది. ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. బైటు ధర అడిగే గడిలో మొత్తం ఫీజును రాయడం చాలామంది చేసే పొరపాటు. అందుకే చివరి తెరమీద రూపాయల్లో చూపే అంకెను చదవకుండా సంతకం చేయకూడదు.

ఇథీరియం: గ్యాసు లెక్క

ఇక్కడ చోటుకు బదులు పనిని కొలుస్తారు, ఆ కొలతను గ్యాస్ అంటారు. మామూలుగా ఇథీరియం సొంత నాణెమైన ఈథర్ పంపడానికి 21,000 గ్యాస్ పడుతుంది. డాలరు విలువను అనుసరించే యూఎస్‌డీటీ వంటి టోకెన్ పంపడానికి సాధారణంగా 45,000 నుంచి 65,000 దాకా పడుతుంది. 2021 ఆగస్టు 5న వచ్చిన లండన్ మార్పు తర్వాత ధర రెండు భాగాలైంది. మొదటిది బేస్ ఫీజు, దీనిని నెట్‌వర్కే నిర్ణయించి కాల్చేస్తుంది; రద్దీని బట్టి ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు గరిష్ఠంగా 12.5 శాతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండవది వాలిడేటరుకు మనం ఇచ్చే టిప్. వీటిపైన "ఇంతకు మించి కట్టను" అని మనం గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు, వాడనిది మనకే మిగులుతుంది.

కనుక ఇక్కడ జాగ్రత్తపడడం అంటే పరిమితిని కొంచెం ఉదారంగా, టిప్‌ను పొదుపుగా పెట్టడం. చాలామంది తలకిందులుగా చేస్తారు. ఈథర్ ధర రెండున్నర లక్షల రూపాయలని అనుకుంటే, ఒక్కో గ్యాస్ ధర 2 గ్వే (ఒక గ్వే అంటే ఈథర్‌లో వంద కోట్లవ వంతు) ఉన్ననాడు మామూలు బదిలీకి సుమారు 10 రూపాయల 50 పైసలు, 65,000 గ్యాస్ పట్టే టోకెన్‌కు 32 రూపాయల 50 పైసలు అవుతుంది. 30 గ్వే ఉన్ననాడు అవే 157 రూపాయలు, 487 రూపాయలు దాటుతాయి. ఇథీరియంలో మరో రెండు సంగతులు తెలియాలి. లావాదేవీ విఫలమైనా, అప్పటిదాకా చేసిన పనికి గ్యాస్ కోత తప్పదు. ఒక లావాదేవీ ఇరుక్కుంటే, అదే ఖాతా నుంచి తర్వాత పంపినవన్నీ దాని వెనుకే ఆగుతాయి. అప్పుడు అదే వరుస సంఖ్యతో, కనీసం పది శాతం ఎక్కువ ఫీజుతో మళ్లీ పంపాలి. వాలెట్‌లో "స్పీడ్ అప్" అంటే అదే.

చవకైన దారులు, వాటి చిక్కులు

ఇథీరియం పైన నడిచే ఆర్బిట్రమ్, బేస్ వంటి లేయర్-2 నెట్‌వర్కుల్లో 2024 మార్చిలో వచ్చిన డెన్‌కున్ మార్పు తర్వాత ఫీజు చాలా తగ్గింది. మామూలు బదిలీ కొద్ది రూపాయల్లోనో పైసల్లోనో అయిపోతుంది. ఫీజులో ఎంపిక చేసుకోవలసినది అంటూ దాదాపు ఏమీ మిగలలేదు. చిక్కంతా చిరునామాలో ఉంది. ఇథీరియంలో, ఆర్బిట్రమ్‌లో, పాలిగాన్‌లో మీ చిరునామా ఒకేలా కనిపిస్తుంది. అందుకునే ఎక్స్ఛేంజ్ ఒక నెట్‌వర్క్‌నే గుర్తించేదైతే, మరోదాని మీద వచ్చిన సొమ్ము వారి ఖాతా పుస్తకంలో ఎక్కదు.

ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ పంపేవారు మన ప్రాంతంలో ఎక్కువగానే కనిపిస్తారు. అక్కడ ఫీజును ఎనర్జీ రూపంలో లెక్కిస్తారు. అవతలి చిరునామాలో అప్పటికే యూఎస్‌డీటీ ఉంటే సుమారు 65 వేల ఎనర్జీ, ఖాళీ చిరునామా అయితే దానికి దాదాపు రెట్టింపు. ఒకే మనిషికి రెండుసార్లు పంపితే రెండోసారి సగమే ఎందుకు పడిందని ఒకరు ఆశ్చర్యపోయారు, కారణం ఇదే. ఇంకా ముఖ్యమైనది, ఆ ఫీజును యూఎస్‌డీటీలో కట్టడం మామూలు వాలెట్లలో కుదరదు, ట్రాన్ సొంత నాణెమైన టీఆర్ఎక్స్ ఉండాలి. జగిత్యాల నుంచి వచ్చిన ఒక డిజైనరుకు వాలెట్‌లో మూడు వందల యూఎస్‌డీటీ ఉంది, టీఆర్ఎక్స్ సున్నా. నిండు ధాన్యపు లారీ డీజిలు లేక ఆగినట్టు ఆ సొమ్ము అక్కడే ఆగిపోయింది. ఏ నెట్‌వర్క్‌లో టోకెన్ పెట్టుకున్నా, దాని సొంత నాణెం కొంత పక్కన ఉంచుకోవాలి.

సొలానాలో ఒక్కో సంతకానికి 0.000005 సోల్ మూల ఫీజు, తొందర ఉంటే పైన ప్రాధాన్య ఫీజు. అవతలివారికి ఆ టోకెన్ ఖాతా లేకపోతే దానిని తెరవడానికి 0.002 సోల్ చిల్లర మనమే పెట్టాలి. ఎక్స్‌ఆర్‌పీలో కనీస ఫీజు 0.00001 ఎక్స్‌ఆర్‌పీ, అక్కడ ఫీజు గురించి ఆలోచించడం వృథా, ఎక్స్ఛేంజ్‌కు పంపేటప్పుడు సొమ్ము ఎవరి ఖాతాలో వేయాలో చెప్పే ట్యాగ్ సంఖ్య మరవకపోవడమే అసలు పని. చిన్న మొత్తాల బిట్‌కాయిన్‌కు, బిట్‌కాయిన్ పైన విడిగా నడిచే లైట్నింగ్ అనే దారి బాగుంటుంది. అక్కడ మాత్రం ఫీజు పంపే మొత్తాన్ని బట్టి కొంత పెరుగుతుంది, దారిలోని చానెళ్లలో తగినంత నిల్వ లేకపోతే పెద్ద మొత్తం అసలు పోకపోవచ్చు.

| దారి | ఫీజును నిర్ణయించేది | పంపాక పెంచే వీలు | ముఖ్యంగా చూడవలసినది |
|---|---|---|---|
| బిట్‌కాయిన్ | బైట్లు, ఆనాటి రద్దీ | ఉంది | ఎన్ని జమలు కలుస్తున్నాయి |
| లైట్నింగ్ | మొత్తం, దారిలోని చానెళ్లు | అవసరం రాదు | చిన్న మొత్తాలకే తగినది |
| ఇథీరియం | గ్యాస్, బేస్ ఫీజు | ఉంది | విఫలమైనా కోత |
| లేయర్-2 | గ్యాస్, చాలా తక్కువ ధర | వాలెట్‌ను బట్టి | అవతల అదే నెట్‌వర్క్ ఉందా |
| ట్రాన్ | ఎనర్జీ | అవసరం రాదు | టీఆర్ఎక్స్ నిల్వ |
| సొలానా, ఎక్స్‌ఆర్‌పీ | దాదాపు స్థిరం | సాధారణంగా అవసరం రాదు | ఖాతా తెరిచే ఖర్చు, ట్యాగ్ |
| ఎక్స్ఛేంజ్ విత్‌డ్రా | ఎక్స్ఛేంజ్ ఇష్టం | లేదు | కనీస మొత్తం, నెట్‌వర్క్ ఎంపిక |

ఎవరికి ఏది తగును

ఎక్స్ఛేంజ్‌లో నెలనెలా కొంత కొని సొంత వాలెట్‌లోకి మార్చుకునేవారు, ప్రతి నెలా పంపకుండా మూడు నాలుగు నెలలకు ఒకసారి పంపుకోవాలి. విత్‌డ్రా ఫీజు సాధారణంగా ఎంత తీసినా ఒకటే కనుక అదీ ఆదా, వాలెట్‌లో జమల సంఖ్య తగ్గుతుంది కనుక రేపటి ఫీజు కూడా ఆదా. అయితే అప్పటిదాకా సొమ్ము ఎక్స్ఛేంజ్ చేతిలో ఉంటుందన్న ప్రమాదాన్ని ఒప్పుకున్నట్టే. రెండు వేల రూపాయల దగ్గర ఆదా ముఖ్యం, రెండు లక్షల దగ్గర భద్రత ముఖ్యం. నేనైతే ఒక విత్‌డ్రా ఫీజు, తీసే సొమ్ములో అర శాతం లోపుకు రాగానే బయటకు తీసేస్తాను.

విదేశీ క్లయింట్ నుంచి జీతంగా యూఎస్‌డీటీ తీసుకునే కుర్రవాళ్లకు ఫీజు బేరం పంపేవారితోనే మొదలవుతుంది. బిల్లు పంపేటప్పుడే నెట్‌వర్క్ పేరు రాసి, ఫీజు ఎవరి మీద అన్నది తేల్చుకోవాలి. లేకపోతే 500 రావలసిన చోట కొంత కోసి వస్తుంది. ఇథీరియం మీదే పంపుతామని క్లయింట్ పట్టుబడితే, రెండు వారాల పని ఒకే చెల్లింపుగా అడగడం మంచిది.

గడువు ఉన్న చెల్లింపు చేసేవారు మాత్రమే "వేగం" గుర్తుకు నిజమైన గిరాకీదారులు. అరగంటలో ధర మారిపోయే బిల్లు, ఎక్స్ఛేంజ్‌లో వెంటనే అమ్మవలసిన అవసరం వంటివి ఉన్నప్పుడు నాలుగు వందల రూపాయలు ఎక్కువైనా పెట్టాలి. అవతలి ఎక్స్ఛేంజ్ ఒకటికి మించి ఖరారులు అడుగుతుందని కూడా లెక్కలో ఉంచుకోవాలి. మన లావాదేవీ ఎక్కిన బ్లాకు ఒక ఖరారు, దానిమీద వచ్చే ఒక్కో బ్లాకు మరో ఖరారు. ఆరు ఖరారులంటే సుమారు గంట, ఆ గంటను ఏ ఫీజూ తగ్గించలేదు.

గల్ఫ్‌లో ఉన్న అన్న దగ్గర నుంచి ఇంటికి సొమ్ము తెప్పించడానికి ఇది చవక దారి కదా అని కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. నెట్‌వర్క్ ఫీజు పది రూపాయలే కావచ్చు. కానీ ఇక్కడ అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్, ఎక్స్ఛేంజ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. విదేశీ మారకపు నిబంధనల ప్రశ్న వేరుగా ఉంటుంది. ముక్కూమొహం తెలియని మనిషికి పీ2పీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్మే పద్ధతిలో అమ్మితే, అతడు పంపిన రూపాయలు ఏ సైబర్ మోసం ఫిర్యాదులోనో ఉండి, అమ్మ పేరున ఉన్న బ్యాంకు ఖాతా స్తంభించే ప్రమాదం ఉంది. బ్యాంకు దారిలో రెండు వందలు ఎక్కువ పడినా అదే చవక.

పన్ను విషయంలో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అది ఫీజు ఎంపికను నేరుగా తాకుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. లాభం లెక్కించేటప్పుడు కొన్న ధరను తప్ప మరే ఖర్చునూ తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అంటే వ్యాపారంలో రవాణా ఖర్చు రాసుకున్నట్టు ఇక్కడ పంపిన ఫీజును రాసుకోలేము. వృథాగా కట్టిన ఏడు వందలు పూర్తిగా మన జేబులోంచే పోతాయి.

ఆ ఏడు వందలు పోగొట్టుకున్న పెద్దమనిషి ఇప్పుడు పంపే ముందు నాకు వాట్సాప్‌లో మెమ్‌పూల్ పేజీ ఫోటో పంపుతున్నారు. పోయిన ఆదివారం ఉదయం ఆరున్నరకు పంపిన ఫోటోలో తొందర ధర, నిదానపు ధర రెండూ ఒకే అంకె ఉన్నాయి. "చవకదే నొక్కండి" అని రాసి మళ్లీ పడుకున్నాను.